పాత గనుల ప్రాంతంలో నడవాలంటే బండి పట్టాల దారి వెతకండి

మూతపడిన గనులున్న కొండల్లో నడవాలనుకుంటే, ముందు పాత మ్యాపులో ఖనిజం మోసిన చిన్న రైలు దారి ఎటు పోయిందో చూడండి. బరువు బండ్లు లాగడానికి వేసినవి కాబట్టి ఆ దారులు చాలావరకు వాలు తక్కువగా, కొండ అంచును చుట్టుకుంటూ పోతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకూ ఇబ్బంది తక్కువ, పైగా లోయ మొత్తం కనబడుతుంది. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో ఇలాంటి దారులు ఇప్పుడు నడకకూ సైకిళ్లకూ వాడుతున్నారు. అక్కడి గనుల ప్రాంతాన్ని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

దారి వదిలి పొదల్లోకి మాత్రం వెళ్లొద్దు. గనిలోకి నిలువుగా తవ్విన పాత బావి గుంతల మీద వేసిన చెక్కలు పుచ్చిపోయి, పైన గడ్డి మొలిచి, మామూలు నేలలాగే ఉంటాయి. సొరంగం నోరు తెరిచి ఉన్నా బయటి నుంచే ఫోటో తీసుకోండి. లోపల ఆక్సిజన్ తగ్గితే ఏ వాసనా రాదు, తెలిసేలోపే కళ్లు తిరుగుతాయి. వాగు నారింజ రంగులో ఉంటే గనిలోంచి వచ్చిన ఇనుము తుప్పుపట్టిందన్నమాట. చూడ్డానికి బాగుంటుంది కానీ ఆ నీళ్లు తాగకండి, కుక్కనూ తాగనివ్వకండి. నీలంగా మెరిసే క్వారీ గుంటల్లో ఈత సంగతి మర్చిపోండి: అంచు నుంచే లోతు, ఎండాకాలంలోనూ గడ్డకట్టించే చల్లదనం.