సీసం పోత - మూడో పాఠం: పాత అచ్చు చేతికొచ్చాక

పోయిన పాఠంలో సీసం కరిగించే కుండ దగ్గర ఎలా మెలగాలో చూశాం. ఈసారి అచ్చు సంగతి. అమెరికాలో గన్ షోలకు, గరాజ్ సేల్స్‌కు వెళ్లేవాళ్లకు పాత బుల్లెట్ మోల్డులు తరచూ కంటబడతాయి. తుప్పు చూసి చాలామంది పక్కన పెట్టేస్తారు గానీ, వాటిలో బంగారం లాంటివి ఉంటాయి. (ఇండియాలో ఉన్నవాళ్లకు ఒక మాట: 1959 ఆయుధాల చట్టం ప్రకారం అక్కడ లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. ఈ పాఠాలు ఇక్కడ టార్గెట్ షూటింగ్ చేసే మనవాళ్ల కోసం.)

ఇంటికి తేగానే రుద్దడం మొదలుపెట్టకండి. అదేమిటో ముందు తెలియాలి. అయస్కాంతం ఆనించండి. అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా చేతికి తేలిగ్గా ఉంటే అల్యూమినియం, లీ కంపెనీది అయ్యుండొచ్చు. పచ్చగా చిలుము పట్టి ఉంటే కంచో ఇత్తడో.

తర్వాత నంబరు. గదిలో లైటు ఆర్పి, టార్చి వెలుగు బ్లాకు (అచ్చులో గుంట ఉన్న లోహపు దిమ్మ) మీద ఏటవాలుగా పడనివ్వండి. నా దగ్గరున్న లైమన్ మోల్డు మీద మొదట తుప్పు తప్ప ఏమీ కనబడలేదు. నూనె గుడ్డతో తుడిచి, వెలుగు పక్కనుంచి వేస్తే 3, 5, 8 తేలాయి, ఆ తర్వాత 156. మొదటి మూడు అంకెలు వ్యాసం, అంటే అంగుళంలో 0.358 వంతు. తర్వాతి మూడు డిజైన్ నంబరు. 358156 అంటే రే థాంప్సన్ అనే ఆయన డిజైన్, .357 మాగ్నమ్ (ఒక రకం రివాల్వర్ తూటా) వాడేవాళ్లకు బాగా తెలిసినది. ఈ అంకెల పద్ధతి ఐడియల్ కంపెనీ నుంచి వచ్చింది. 1884లో జాన్ బార్లో పెట్టిన ఆ కంపెనీని 1925లో లైమన్ కొనుక్కుంది. ఆర్‌సీబీఎస్ వాళ్లది వేరే దారి: 38-150-ఎస్‌డబ్ల్యూసీ అని ఉంటే వరసగా క్యాలిబర్ (తూటా లావు), గ్రెయిన్లలో (తూటాలు తూచే చిన్న కొలత) బరువు, ఆకారం (సెమీ-వాడ్‌కట్టర్, ముక్కు చదునుగా ఉండేది).

అంకెలు అరిగిపోతే కొవ్వొత్తి మైనం పోసి ఆకారం చూడండి. మైనం చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి కొలత మాత్రం నమ్మకండి. అసలు కొలత సీసం పోశాక మైక్రోమీటర్‌తోనే. రెండు సగాల మీద చిన్న జత నంబర్లుంటే అవి కలుస్తున్నాయో లేదో చూడండి. అచ్చు మూసి దీపానికి ఎదురుగా పట్టుకోండి. మధ్యలోంచి వెలుగు వస్తోందంటే సగాలు కలిసే ముఖాల మీద సీసం అతుక్కుని ఉంది, లేదా బ్లాకు వంగింది.

ఇప్పుడు శుభ్రం. అచ్చు విలువంతా సీసం పోసే గుంట అంచు పదునులోనే ఉంది. ఆ అంచు కాస్త గుండ్రబడినా బుల్లెట్ పక్కన రెక్కలాగా సీసం తేలుతుంది. నేను ఒకసారి తొందరపడి డ్రిల్లుకు వైరు బ్రష్ తగిలించి తుప్పు దులిపాను. తుప్పు పోయింది, దానితో పాటే అంచూ పోయింది. ఆ మోల్డు మళ్లీ పనికిరాలేదు. కాబట్టి తిరిగే బ్రష్ ఏదీ గుంట దగ్గరికి రానివ్వకండి.

ఇనుప మోల్డును తుప్పు వదిలించే నూనెలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున టూత్‌బ్రష్‌తో తోమండి. గాలి పోయే సన్నగీతల్లో ఇరుక్కున్న మురికికి వెదురు పుల్ల చాలు, సూది వద్దు. ముఖాల మీద అంటుకున్న సీసం చాకుతో గీకితే రాదు, గీత మిగులుతుంది. మోల్డును వేడి చేసి మెత్తటి చెక్కపుల్లతో తోస్తే జారిపోతుంది. అల్యూమినియానికి ఓవెన్ క్లీనర్ అస్సలు వద్దు, లోహాన్నే తినేస్తుంది. చివరగా వేడి నీళ్లు, గిన్నెల సబ్బు. పొడిగా తోమితే సీసం దుమ్ము లేస్తుంది, అందుకని తడిగానే తోమండి. వంటింటి సింకులో కాకుండా బయట బకెట్‌లో కడగండి. చేతి తొడుగులు వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

కడిగాక పూర్తిగా ఆరాలి. చుక్క నీరు మిగిలినా, కరిగిన సీసం తగిలి ఆవిరై సీసం మీ ముఖం మీదికి చిమ్ముతుంది.

పైన తిరిగే స్ప్రూ ప్లేటు (సీసం పోసే రంధ్రం ఉన్న పలక, మిగులు సీసాన్ని కోసేది) స్క్రూ ఒకసారి చూడండి. మోల్డు పక్కకు వంచితే ప్లేటు దాని బరువుకే కదలాలి, కానీ బ్లాకు మీద ఎత్తుగా లేవకూడదు.

వెంటనే వాడకపోతే పలచగా నూనె రాసి పెట్టండి. పోత పోసే రోజు ఆ నూనె మళ్లీ సబ్బుతో కడగాలి. రవ్వంత మిగిలినా బుల్లెట్ ముడతలు పడి వస్తుంది. ఆ ముడతలు నూనె వల్లో, అచ్చు చల్లగా ఉండడం వల్లో ఎలా పోల్చుకోవాలో నాలుగో పాఠంలో, మొదటి పోతతో పాటు.