పాత నాణేలను గుర్తుపట్టడం - 4వ పాఠం: సంవత్సరాన్ని నిలదీయండి

పోయిన పాఠంలో ‘ముందు సంవత్సరం చదవండి’ అని చెప్పి, చదివినదాన్ని ఎలా సరిచూసుకోవాలో చెప్పకుండా వదిలేశాను. ఆ పొరపాటు నాది. దాంతో చాలామంది గాంధీ బొమ్మ ఉన్న 20 పైసల బిళ్ళను 1948 నాటిదని రాసేశారు. అందుకే టంకశాల గుర్తులు వచ్చే పాఠానికి వాయిదా.

ఆ నాణెం మీద 1869–1948 అని ఉంటుంది. అవి ఆయన పుట్టిన, పోయిన సంవత్సరాలు. నాణెం వచ్చింది శతజయంతికి, 1969లో. ఇది తేల్చడానికి పుస్తకం అక్కర్లేదు, విలువ చూస్తే చాలు. రూపాయికి వంద పైసల లెక్క మొదలైంది 1957 ఏప్రిల్ 1న. 1948లో జనం చేతుల్లో ఉన్నవి అణాలు. అప్పుడు 20 పైసల నాణెం ఎక్కడిది?

రెండో సంవత్సరమే నాణెం వయసు అని కొందరు లెక్కేసుకున్నారు. నెహ్రూ నాణెం విషయంలో అది కుదురుతుంది: 1889–1964 అని ఉంటుంది, నాణెమూ 1964లోనే వచ్చింది. ఇందిరా గాంధీ నాణెం మీద 1917–1984 ఉన్నా, అది వచ్చింది 1985లో. కాబట్టి దాన్ని సూత్రంగా పట్టుకోవద్దు.

ఇక నన్ను నిజంగా బాధపెట్టే బిళ్ళ ఇంకొకటుంది. ఒకవైపు సీతారామలక్ష్మణులు, ఆంజనేయుడు. రెండోవైపు ఇంగ్లిషులో ఈస్టిండియా కంపెనీ, ఒక అణా, 1818. లక్షలు పలుకుతుందని చెప్పి దీన్ని అంటగడతారు. ఇల్లు గడవడమే కష్టంగా ఉన్నవాళ్ళు కూడా ఆశపడి కొంటారు. దయచేసి కొనకండి. కంపెనీ ఇలాంటి నాణెం ఎప్పుడూ వేయలేదు. మన దేశంలో ఒక అణా నాణెం మొదట వచ్చింది 1907లో, అదీ అంచు వంకీలు తిరిగిన రాగి-నికెల్ బిళ్ళగా. అప్పటికి కంపెనీయే లేదు. అదే బొమ్మతో ‘అర్ధణా’ అని రాసినవీ దొరుకుతాయి. కంపెనీ అర్ధణా వేసిన మాట నిజమే, 1835 నాటిదే చూడండి. దాని మీద ఉండేది కంపెనీ చిహ్నం, రాముడు కాదు.

అలాగని దేవుడి బొమ్మ కనబడగానే నకిలీ అనేయకండి. మద్రాసులో కంపెనీ వేసిన వెండి అర వరహా మీద ఒకవైపు గోపురం, రెండోవైపు విష్ణుమూర్తి, చుట్టూ తెలుగు, తమిళ అక్షరాలు ఉంటాయి. అది అసలు నాణెమే. నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ అదే.

రామటెంకి సంగతి వేరు. రామ పట్టాభిషేకం బొమ్మతో పూజకోసం చేసిన బిళ్ళ అది. దాని మీద ఎంత పాత సంవత్సరం ఉన్నా అది చలామణీ నాణెం కాదు, వయసుకు ఆ అంకె సాక్ష్యమూ కాదు. పూజలో ఉంచుకోవడానికి అది చాలా మంచిది. నాణెం లెక్కలో మాత్రం కలపకండి.

నేనైతే ఏ బిళ్ళనైనా ముందు విలువవైపే తిప్పుతాను. చింతపండుతో తోమిన రాగి బిళ్ళను మాత్రం చూడను, అరిగిన అంచు ఏదో, తోముడుకు పోయిన అంచు ఏదో తెలియదు.

అభ్యాసం: ఇంట్లో ఉన్న నాణేల్లో ఇరవై తీయండి. ఇంట్లో ఇంకొకరిచేత సంవత్సరం మీద కాగితం ముక్క అంటింపించండి. విలువ, బొమ్మ, లోహం మాత్రమే చూసి, ఏ సంవత్సరానికి ముందు అది వచ్చి ఉండదో ఒక్కోదానికీ కారణంతో రాయండి. కాగితాలు తీసేది ఇరవైకీ రాసిన తర్వాతే.