సప్పుడు చేయని పిల్లి, అరుపు ఆపని కుక్క: వార్డులో నొప్పి సమస్యలు, పరిష్కారాలు

ఆపరేషన్ డాక్టరు చేస్తారు, మందు డాక్టరు రాస్తారు. ఆ తర్వాత గంటల తరబడి కేజ్ ముందు ఉండేది మాత్రం కాంపౌండర్లు, నర్సులు, పారావెట్‌లు (పశువైద్య సహాయకులు). ఏ మందు, ఎంత మోతాదు అన్నది డాక్టరే చెప్పాలి. కింద రాసినవి డాక్టరుకు ఫోన్ చేసే ముందు మనం చూసి కేస్ షీట్‌లో ఎక్కించాల్సినవి. "కుక్క ఇబ్బంది పడుతోంది సార్" అంటే అవతలివాళ్లకు ఏమీ అర్థం కాదు. "గ్లాస్గో స్కోరు 9, కుట్ల దగ్గర ముట్టుకుంటే మూలుగుతోంది, ఇంజెక్షన్ ఇచ్చి రెండు గంటలైంది" అంటే వెంటనే నిర్ణయం వస్తుంది. గ్లాస్గో అంటే కుక్క నొప్పిని మార్కుల్లో కొలిచే ఫారం.

సమస్య: మత్తు దిగుతుంటే కుక్క ఆగకుండా అరుస్తోంది

"మత్తు దిగుతోంది, అదే సర్దుకుంటది" అనే మాట హైదరాబాద్‌లో ఏ క్లినిక్‌కు వెళ్లినా వినిపిస్తుంది. చాలాసార్లు నిజమే కూడా. లేచేటప్పటి గందరగోళం మామూలుగా కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. తగ్గలేదంటే వెతకాల్సినవి నాలుగు: బిగిసిన కట్టు, నిండిన మూత్రాశయం, నొప్పి, ఓపియాయిడ్ (మార్ఫిన్ జాతి నొప్పి మందు) తెచ్చే అలజడి.

సులువైన వాటితో మొదలుపెట్టండి. కాలికి కట్టు ఉంటే చివరన మధ్య రెండు వేళ్లు బయటికి కనిపించాలి. ఆ రెండు గోళ్లు ఒకదానికొకటి ఎడమైనా, వేళ్లు చల్లబడినా లోపల వాపు పెరుగుతోందని అర్థం. ఏ ఇంజెక్షనూ దాన్ని తగ్గించదు, కట్టు విప్పాల్సిందే. ఆపరేషన్ అంతసేపూ డ్రిప్ ఎక్కింది కాబట్టి మూత్రం సంగతీ చూడండి. నడవగలిగితే బయటికి తీసుకెళ్లండి, ఒక్కసారి పోస్తే సద్దుమణిగే కుక్కలు బోలెడు.

ఇక మిగిలిన రెండింటినీ విడదీయడమే కష్టం. పేరుపెట్టి పిలవండి, తల నిమరండి. తర్వాత కోత చుట్టూ రెండు అంగుళాల దూరంలో వేళ్లతో మెల్లగా నొక్కండి. నొప్పి ఉన్న కుక్క అటు తల తిప్పుతుంది, కండ బిగిస్తుంది, గుర్రుమంటుంది. మందు అలజడిలో ఉన్నది మిమ్మల్ని చూస్తున్నట్టే ఉంటుంది గానీ పలకదు. కోత దగ్గర నొక్కినా, వేరే చోట నొక్కినా దాని అరుపులో తేడా ఉండదు. తేల్చుకోలేకపోతే నొప్పి కిందే లెక్కగట్టి డాక్టరుకు చెప్పండి. ఆయన మరో చిన్న డోసు ఇచ్చి చూస్తారు. తగ్గితే నొప్పే. ఇంకా పెరిగితే అలజడి, దానికి మత్తు మందో విరుగుడో వేరుగా ఉంటుంది.

గ్లాస్గో చిన్న ఫారం ప్రింట్ తీసి గోడకు అంటించుకోండి. మొత్తం 24 మార్కులు, 6 దాటనక్కర్లేదు, 6 వస్తే చాలు నొప్పి మందు గురించి అడగాలి. నడిపించి చూడలేని కుక్కకు 20కి లెక్క, అక్కడ హద్దు 5.

వినాయక నిమజ్జనం, దీపావళి రోజుల్లో ఇంకో చిక్కు. బయట డప్పులకూ, టపాసులకూ వణికే కుక్క స్కోరు ఊరికే పెరుగుతుంది. దాన్ని లోపలి గదిలోకి మార్చి కొంతసేపయ్యాక మళ్లీ కొలవండి. అప్పటికీ తగ్గకపోతే నొప్పిని పక్కన పెట్టొద్దు.

సమస్య: పిల్లి మూలకు ముడుచుకుంది, సప్పుడు లేదు

"మంచిగనే ఉంది మేడం, ఏం లొల్లి చేస్తలేదు." నన్నడిగితే వార్డులో అన్నిటికన్నా ఎక్కువ భయపడాల్సిన మాట ఇదే. పిల్లి నొప్పిని అరిచి చెప్పదు, దాచుకుంటుంది. గుర్రు గుర్రుమంటోంది కదా అని మురిసిపోవద్దు, నొప్పిలో ఉన్న పిల్లులూ అలాగే అంటాయి.

ముఖం చూడాలి. కేజ్ తలుపు తీయకుండా, దూరంగా నిలబడి అర నిమిషం గమనించండి. చెవుల కొనలు పక్కలకు వాలి వాటి మధ్య ఎడం పెరిగిందా? కళ్లు సగం మూసి బిగబట్టిందా? గుండ్రంగా ఉండాల్సిన మూతి బిగిసి సాగినట్టుందా? మీసాలు వంపు పోయి నిటారుగా ముందుకు వచ్చాయా? తల భుజాల కన్నా కిందికి దిగిందా? ఒక్కోదానికి 0, 1 లేదా 2. మొత్తం 10కి 4 వచ్చిందంటే డాక్టరును పిలవండి. నిద్రపోతున్నప్పుడు, తింటున్నప్పుడు, ఒళ్లు నాక్కుంటున్నప్పుడు, అరుస్తున్నప్పుడు వేసిన స్కోరు లెక్కలోకి రాదు.

ఎదురు కేజ్‌లో కుక్క మొరుగుతుంటే ఏ పిల్లయినా ముడుచుకునే ఉంటుంది. కేజ్ మీద టవల్ కప్పండి, దాక్కోవడానికి అట్టపెట్టె ఒకటి లోపల పెట్టండి.

సమస్య: ఇంజెక్షన్ పడింది, నొప్పి మాత్రం తగ్గలేదు

ముందు బరువు చూడండి. "ఒక పదిహేను కిలోలుంటది" అని అందాజాగా రాసిన ల్యాబ్రడార్‌ను కాటా మీదికి ఎక్కించండి. 20 కిలోల కుక్కకు మొదటిరోజు మెలాక్సికామ్ (నొప్పి, వాపు తగ్గించే మందు) కిలోకు 0.2 మిల్లీగ్రాముల చొప్పున 4 మిల్లీగ్రాములు, అంటే మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల సీసాలో 0.8 మిల్లీలీటరు. పదిహేను అని రాస్తే 0.6 మాత్రమే వెళ్తుంది. రెండో రోజు నుంచి డోసు సగమే అన్నదీ మరవొద్దు.

తర్వాత గడియారం. బ్యూటార్ఫనాల్ అనే ఓపియాయిడ్ కుక్కలో గంట, రెండు గంటలకు మించి నిలవదు, పైగా ఎముక ఆపరేషన్ నొప్పికి అది చాలదు. మత్తిచ్చే జైలజీన్‌తో ఇంకో మోసం ఉంది: నొప్పి తగ్గించే గుణం ముందే పోతుంది, మగత మిగులుతుంది. కదలకుండా పడుకున్న కుక్కకు నొప్పి లేదనుకుంటాం. కెన్యులా (రక్తనాళంలో పెట్టిన సన్న గొట్టం) చోట వాపు ఉంటే మందు రక్తంలోకి కాక చర్మం కిందికి వెళ్లింది. ఇంటికి రాసిచ్చే ట్రమడాల్ బిళ్లల మీద కుక్కల విషయంలో ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. వాటి ఒంట్లో అది పనిచేసే రూపంలోకి సరిగా మారదు.

కోతకు ముందే బ్లాక్ (ఆ చోటును మొద్దుబార్చే ఇంజెక్షన్) వేస్తే ఈ గొడవ సగం తప్పుతుంది. లిగ్నోకైన్ త్వరగా పట్టి త్వరగా వదులుతుంది, బ్యుపివకైన్ ఆలస్యంగా పట్టి కొన్ని గంటలు ఉంటుంది. బ్యుపివకైన్ రక్తనాళంలోకి వెళ్తే గుండెకే ప్రమాదం, సూది గుచ్చాక సిరంజి వెనక్కి లాగి రక్తం వస్తోందా చూడాల్సిందే. పిల్లికి రెండిటి హద్దూ తక్కువే. సిరంజి నింపే ముందే లెక్క కాగితం మీద వేయండి.

సమస్య: ఇంటి నుంచి వాంతులతో, నల్లటి విరేచనాలతో వచ్చింది

"ఇంట్లో ఏ బిళ్ల వేశారు?" అని అడగండి. "ఏమైనా వేశారా?" అంటే లేదనేస్తారు. మనుషుల నొప్పి బిళ్లలైన డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ పిల్లికి ఒక్క బిళ్ల చాలు, ప్రాణం తీయడానికి. చిగుళ్లు మట్టిరంగుకు తిరిగి, ముఖం వాచి, ఆయాసపడుతుంటే కేస్ షీట్ తర్వాత, ముందు ఆక్సిజన్, డాక్టరు. బిళ్ల పేరు, వేసిన టైము రాసుకోండి. చర్మానికి స్టెరాయిడ్ వాడుతున్నారా అన్నదీ అడగాలి, ఎందుకంటే దాని మీద మెలాక్సికామ్ పడితే ఇదే కథ.

సమస్య: ముసలి కుక్క మెట్లెక్కట్లేదు, ముట్టుకుంటే కరవబోతోంది

వయసు జబ్బు కాదు, జబ్బు కీళ్లది. ఫ్లాట్‌లో నున్నటి టైల్స్ మీద కాళ్లు జారడం దాన్ని ఇంకా పెంచుతుంది. తిరిగే దారిలో మ్యాట్లు వేయమనండి, బరువు తగ్గించమనండి, పొద్దున్నే లేచేటప్పుడు ఎలా నడుస్తోందో ఫోన్‌లో వీడియో తీసి తెమ్మనండి. క్లినిక్‌లో భయానికి కుంటు దాచేస్తుంది.

సంతాన నియంత్రణ ఆపరేషన్‌కు పట్టుకొచ్చిన వీధికుక్కలదీ ఇదే తీరు. మనిషి ఎదురుగా ఉంటే బిగుసుకుపోతాయి. కేజ్ పక్కన ఫోన్ పెట్టి వెళ్లిపోయి, రికార్డైంది చూసి స్కోరు వేయండి.

సమస్య: పాల షెడ్డు నుంచి ఫోన్, "ఆవుకు నొప్పి సూది ఏదైనా ఇయ్యండి"

శంకర్‌పల్లి, శంషాబాద్ వైపు షెడ్లకు వెళ్లేవాళ్లకు ఇది మామూలే. పశువులకు డైక్లోఫినాక్ మన దేశంలో 2006 నుంచి నిషేధం. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తిన్న రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. 2023లో కీటోప్రొఫెన్, అసెక్లోఫినాక్ కూడా ఆ జాబితాలో చేరాయి, తర్వాత నిమెసులైడ్. రాబందులకు హాని లేదని తేలినవి మెలాక్సికామ్, టోల్ఫెనమిక్ యాసిడ్. పాత స్టాకులో నిషేధించిన సీసా కనిపిస్తే పక్కకు తీసి డాక్టరుకు చూపించండి. సూది వేశాక పాలు ఎన్నిరోజులు పోయకూడదో లేబుల్ చూసి రైతుకు అక్కడే చెప్పండి.