పాత సినిమాకు ఆడియో డిస్క్రిప్షన్ చేయడం ఎలా?

తెర మీద జరిగేదాన్ని చూపులేనివాళ్ల కోసం, డైలాగుల మధ్య ఖాళీల్లో మాటల్లో చెప్పడమే ఆడియో డిస్క్రిప్షన్.

కావలసినవి: లాప్‌టాప్, ఒక మాదిరి మైకు, హెడ్‌ఫోన్స్, గొంతు రికార్డు చేసి సరిచేసుకోవడానికి ఉచితంగా దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్. ఇంతకు మించి కొనకండి.

సినిమాగా 1957 నాటి ‘మాయాబజార్’నే తీసుకుందాం. ముందు ప్రింటు ఖాయం చేసుకోండి. 2010లో వచ్చిన రంగుల ప్రింటు నిడివి తక్కువ. దానికి రాసింది నలుపు తెలుపు ప్రింటుకు అతకదు. చూపులేనివాళ్లు సొంతంగా చూసుకోవడానికి, లాభాపేక్ష లేకుండా చేసిస్తే 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ఒప్పుకుంటుంది. టీవీలో వేయాలంటే మాత్రం హక్కుదారుల అనుమతి తీసుకోవాల్సిందే.

తెర ఆపేసి సినిమా మొత్తం ఒకసారి వినండి. ఏం జరుగుతోందో అంతుపట్టని ప్రతిచోటా టైము రాసుకోండి. తర్వాత తెర పెట్టుకుని, మాటకూ మాటకూ మధ్య ఎన్ని సెకన్ల ఖాళీ ఉందో దాని పక్కన వేయండి.

ఇక ఆ ఖాళీల్లో ఏం చెప్పాలన్నదే అసలు పని. చాలామంది చెడగొట్టేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి.

సెకనుకు రెండు మాటలు, అంతే. అంతకన్నా ఎక్కువ రాస్తే చదివేవాళ్లు పరిగెత్తాలి, వినేవాళ్లకు ఊపిరాడదు. ‘వివాహ భోజనంబు’ పాట సంగతే చూడండి. ఆ పాట రేడియోలో ఎన్నోసార్లు విన్న మనిషికి కూడా, ఎవరూ చెప్పకపోతే, లడ్డూలు వాటంతట అవే లేచి ఎస్వీ రంగారావు నోట్లోకి వెళ్తాయని తెలిసే దారి లేదు. దీన్ని కొందరు ఇలా చెబుతారు: ‘ఇప్పుడు తెరపై మనం చూస్తున్నది ఏమిటంటే, ఘటోత్కచుడు తన అపారమైన మాయాశక్తితో రుచికరమైన లడ్డూలను...’ ఈలోగా పాట ముందుకు వెళ్లిపోతుంది. ‘లడ్డూలు గాల్లోకి లేచాయి. ఒక్కొక్కటే నోట్లోకి దూకుతున్నాయి.’ ఇది చాలు. మాయ అని మీరు చెప్పక్కర్లేదు, లడ్డూలే చెబుతాయి. అది కూడా సాహిత్యం ఆగి వాద్యాలు మోగుతున్నప్పుడే చెప్పాలి. ఘంటసాల గానీ, మాధవపెద్ది సత్యం గానీ పాడుతుండగా మధ్యలో మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

రెండో జాగ్రత్త టైమింగ్. పెళ్లిపీటల మీద మాయా శశిరేఖ లక్ష్మణకుమారుడి కాలు తొక్కుతుంది. ‘కాలు తొక్కింది’ అన్న మాట రేలంగి అరుపుకు రవ్వంత ముందు పడాలి. మరీ ముందు చెబితే నవ్వు చచ్చిపోతుంది. తర్వాత చెబితే ఇల్లంతా నవ్వేశాక ఒక్క మనిషి ‘ఏమైంది?’ అని అడగాల్సి వస్తుంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే, 42వ సెక్షన్‌లో, ఆడియో డిస్క్రిప్షన్ ప్రస్తావన ఉంది. అయినా మన ఇళ్లలో ఇప్పటికీ పక్కన కూర్చున్న మనవడే తాతయ్య చెవిలో చెబుతున్నాడు. పాపం, వాడు చెప్పేలోపు తర్వాతి డైలాగు కూడా పోతుంది. నలుగురితో పాటు అదే క్షణంలో నవ్వగలగడం కోసమే కదా ఈ కష్టమంతా! అందుకే ఆ ఒక్క వాక్యాన్ని ఎన్నిసార్లయినా జరిపి చూడండి.

మూడోది, తీర్పులు వద్దు. ‘శకుని కుట్రగా నవ్వాడు’ అని రాయకండి. ‘శకుని ఓరగా చూసి నవ్వాడు’ అనండి. కుట్రో కాదో వినేవాళ్లే తేల్చుకుంటారు. చూపు లేదు గానీ, వాళ్లకు బుర్ర లేదా? క్లోజప్, లాంగ్ షాట్ లాంటి మాటలు కూడా అక్కర్లేదు. పౌరాణికం కదా అని గ్రాంథికంలోకి దిగకండి. పాత్రల భాష పాత్రలది, మీది మామూలు తెలుగు.

రికార్డింగుకు పెద్ద హంగామా అవసరం లేదు. హైదరాబాద్‌లో రాత్రి పదకొండు దాటాకే మైకు ముందు కూర్చోండి, గణేశ్ నవరాత్రుల్లో అసలు పెట్టుకోకండి. సినిమా అంతటికీ ఒక్కటే గొంతు ఉండాలి. కంప్యూటర్ గొంతు వద్దు, దానికి ‘శశిరేఖ’ అన్న పేరు కూడా ముద్దుగా పలకడం రాదు. మీ మాట వచ్చినచోట సినిమా శబ్దాన్ని కాస్త తగ్గించండి, పూర్తిగా ఆపేయకండి.

చివరగా, చూపులేని ఇద్దరు ముగ్గురిని, వాళ్ల ఇంటివాళ్లతో సహా, కూర్చోబెట్టి సినిమా వేయండి. బాగుందా అని అడిగితే మొహమాటానికి బాగుందనే అంటారు. ‘ఎక్కడ నేను నోరు మూసుకుంటే బాగుండేది?’ అని అడగండి. వాళ్లు చెప్పిన వాక్యాలన్నీ తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ మొదటి నుంచి వినండి.