మందుల ఆర్డర్లలో ఏది ముందు చూడాలి? నా అనుభవం

విజయవాడలోని ఒక ఆసుపత్రిలో డాక్టర్లు రాసే మందుల ఆర్డర్లను సరిచూసే క్లినికల్ ఫార్మసిస్టుగా పనిచేస్తున్న నాకు, ఆర్డర్లను వచ్చిన వరుసలోనే పరిశీలించడం వల్ల ఐసీయూలోని హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) ఆర్డరు గ్యాస్ మాత్రల వెనుక పడిపోవడం ఎంతో ఆందోళన కలిగించేది. అందుకే మందును, రోగిని కలిపి చూసి ప్రతి ఆర్డరు తీవ్రతను నిర్ణయించడం మొదలుపెట్టాను. ఇన్సులిన్, హెపారిన్, సిరలోకి ఎక్కించే పొటాషియం క్లోరైడ్, కీమోథెరపీ మందుల్లో పొరపాటు జరిగితే ప్రాణాపాయం కనుక, అవి ఎవరికి రాసినా ముందుకు వస్తాయి.

రోగి సంగతే కష్టం. కండ తగ్గిన వృద్ధుల్లో కిడ్నీలు దెబ్బతిన్నా రక్తంలో క్రియాటినిన్ (కండరాల నుంచి వచ్చి, కిడ్నీలు వడపోసే వ్యర్థం) మామూలుగానే కనిపించవచ్చు కనుక, వయసు, బరువు, లింగం కూడా చేర్చి కిడ్నీల పనితీరును అంచనా వేసే కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్క వేయనిదే, కిడ్నీల ద్వారా బయటికి పోయే యాంటీబయాటిక్ అయిన జెంటామైసిన్ ఆర్డరు తీవ్రత స్థాయిని నిర్ణయించను. ఈ ఒక్క అలవాటే అన్నిటికన్నా విలువైనదని నా నమ్మకం. క్రియాటినిన్ పెరిగినా, రోగిని ఐసీయూకి మార్చినా, పాత ఆర్డర్ల స్థాయిని మళ్లీ పరిశీలిస్తున్నాను.