అన్నం మానకుండా నడుము తగ్గించుకోవడం ఎలా?

బరువు తగ్గాలని ఎవరైనా అనగానే శ్రీకాకుళంలో వినిపించే మొదటి సలహా "అన్నం మానేయండి". మూడు పూటలా అన్నమే తిని పెరిగిన మనిషి దగ్గర ఆ సలహా ఎక్కువ రోజులు నిలవదు. మానేయాల్సిన అవసరమూ లేదు. కెనడాలో కార్లు లేకుండా పాతకాలపు పద్ధతిలో బతికే క్రైస్తవ సమాజం, ఆమిష్ రైతులు మాంసం, బంగాళాదుంపలు, తీపి వంటకాలు కడుపునిండా తింటారు. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో వారిలో మగవారు రోజుకు సగటున 18,425, ఆడవారు 14,196 అడుగులు నడుస్తున్నట్టు తేలింది. వారిలో ఊబకాయం నూటికి నలుగురికే. జపాన్‌లోని ఒకినావా పెద్దలది మరో దారి: కడుపు పదింట ఎనిమిది పాళ్లు నిండగానే చెయ్యి కడుక్కోవడం.

మన సంగతి వేరు. దుక్కి దున్ని, నాట్లు వేసి వచ్చినవారికి వడ్డించినంత అన్నం మన కంచంలో ఇంకా ఉంది. వారి నడక మాత్రం మన కాళ్లలో లేదు. సరిచేయాల్సింది ఈ తేడానే.

ముందు కొలుచుకోండి. పరగడుపున నిలబడి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన టేపు చుట్టి, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. పొట్ట లోపలికి లాగకూడదు. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. తరువాత ఒక వారం పాటు ఏమీ మార్చకుండా ఫోనులో రోజువారీ అడుగులు చూసి రాసుకోండి.

ఇక కంచం. అసలు పని ఇక్కడే ఉంది. టాంజానియాలో వేటాడి బతికే హాడ్జా ప్రజలు రోజంతా తిరుగుతారు. అయినా శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే వారు రోజు మొత్తంలో ఖర్చుచేసే శక్తి పట్టణవాసుల ఖర్చుకు దగ్గరగానే ఉన్నట్టు 2012లో బయటపడింది. తిండి మార్చకుండా నడకతోనే బరువు దిగుతుందని ఆశపడవద్దు.

మనం ముందు అన్నం పెట్టుకుని, మిగిలిన చోట కూర వేసుకుంటాం. ఈ వరస తిప్పండి. ముందు కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు పెట్టుకోండి. పావు వంతు పప్పు, చేప లేదా గుడ్డు. అన్నం మిగిలిన పావులోనే. పెరుగన్నం కావాలంటే అందులోంచే కాస్త ఉంచుకోవాలి, మారు వడ్డించుకోకూడదు. చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ చోళ్లలోనూ బియ్యంలోనూ కేలరీలు ఇంచుమించు సమానం. అందుకే అన్నానికి బదులుగా తాగాలి, అన్నంతో పాటు కాదు.

సాయంత్రం టీ, బజ్జీల దగ్గర లెక్క బాగా తప్పుతుంది. ఒక చెంచా నూనె అంటే దాదాపు 45 కేలరీలు. రెండేసి చెంచాల చక్కెరతో మూడు టీలు తాగితే చక్కెర నుంచే సుమారు 120 కేలరీలు. అరగంట చురుకుగా నడిస్తే ఖర్చయ్యేది కూడా ఇంచుమించు అంతే. అందుకే బజ్జీల కంటే ముందు టీలో చక్కెర తగ్గించమంటాను, అది రోజూ జరిగే నష్టం కనుక.

నడకకు ప్రత్యేకంగా సమయం దొరకదనేవారు దాన్ని పనుల్లో కలపాలి. కూరగాయలకు సంచి పట్టుకుని నడిచి వెళ్లండి. బస్సు ఒక స్టాపు ముందే దిగండి. అరసవల్లి దర్శనానికి బండి తీయకుండా బయలుదేరండి. మొదటి వారం రాసుకున్న సగటుకు రోజుకు వెయ్యి అడుగులు కలిపితే చాలు, అది పది నిమిషాల పని. రెండు వారాలకోసారి మరో వెయ్యి పెంచండి. మాట్లాడగలిగేంత, పాట పాడలేనంత వేగం సరిపోతుంది. భోజనమయ్యాక పది, పదిహేను నిమిషాలు నడిస్తే రక్తంలో చక్కెర పెరుగుదల తగ్గుతుంది. వేసవిలో మాత్రం ఎండ ఎక్కకముందే ముగించాలి.

ఉద్దానం ప్రాంతంలోనైనా మరెక్కడైనా కిడ్నీ జబ్బు ఉన్నవారు పప్పు, ఆకుకూరలు, చోళ్లు సొంతంగా పెంచకూడదు. మధుమేహానికి ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారు, గుండె జబ్బు ఉన్నవారు ముందే డాక్టరుతో మాట్లాడాలి. నడుస్తుండగా ఛాతీలో బిగువు అనిపిస్తే వెంటనే ఆగి వైద్య సాయం తీసుకోవాలి. మిగిలినవారు నెలకోసారి అదే చోట, అదే టేపుతో నడుము కొలిచి, ఆ అంకెను అడుగుల లెక్క పక్కనే రాసుకోండి.