ఇల్లు కొనేటప్పుడు, అమ్మేటప్పుడు వకీలు ఎప్పుడు అవసరం: సమస్య - పరిష్కారం

విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఇల్లు చేతులు మారేటప్పుడు కాగితాల పని చాలావరకు దస్తావేజు లేఖరి దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది. రిజిస్ట్రేషనుకు వకీలు ఉండి తీరాలని చట్టం చెప్పదు. లేఖరి మనం చెప్పినది పద్ధతిగా రాస్తారు; మనం చెప్పనిది తవ్వి తీయవలసిన బాధ్యత ఆయనది కాదు. అందువల్ల వకీలు కావాలా వద్దా అన్నది ఇంటి ధరను బట్టి కాక, కాగితాల్లో కనిపించే లక్షణాలను బట్టి, బయానా ఇవ్వకముందే తేల్చుకోవాలి.

సమస్య: ఈసీ శుభ్రంగా ఉంది, కానీ ఇల్లు అమ్మేవారికి తండ్రి నుంచి వచ్చింది

కారణం: ఈసీలో, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికేటులో, రిజిస్టరైనవి మాత్రమే కనిపిస్తాయి. మన రాష్ట్రంలో ఆన్‌లైనులో దొరికే ఈసీ 1983 నుంచి మొదలవుతుంది. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో పాత పుస్తకాలు వెతికించి తెలుసుకోవాలి. రిజిస్టరు కాని వీలునామా, నోటిమాట పంపకం, కోర్టులో నడుస్తున్న దావా, ఒక వాటాదారు మరణం వంటివి అందులోకి రావు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా మరణించిన తండ్రి స్వార్జితంలో భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటాలుంటాయి. పిత్రార్జితంలోనైతే 2005 సవరణతో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది.

గుంటూరు కొరిటెపాడులో మా బంధువులు ఒక పాత డాబా ఇల్లు కొనబోయినప్పుడు ఈసీ చూసి అందరం తృప్తిపడ్డాం. ప్లీడరుగారు మాత్రం ఈసీని పక్కన పెట్టి, అమ్మే ఆయనను ఒకే ప్రశ్న అడిగారు: "మీ నాన్నగారికి సంతానం ఎంతమందండీ?" ఆయన కాసేపు ఆగి, అక్కగారు హైదరాబాదులో ఉంటున్నారనీ, పెళ్లప్పుడే ఆమెకు ఇవ్వవలసినది ఇచ్చేశామనీ చెప్పారు. అలా ఇచ్చినట్టు కాగితం ఒక్కటీ లేదు.

పరిష్కారం: ఈ లక్షణం కనిపిస్తే వకీలు తప్పనిసరి అని నా అభిప్రాయం. మరణ ధృవీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం తెప్పించి, వారసులందరి చేతా విక్రయ దస్తావేజు మీద సంతకం చేయించాలి, లేదా ముందుగా హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించాలి. అభ్యంతరం లేదంటూ నోటరీ దగ్గర రాయించిన స్టాంపు కాగితం ఇందుకు చాలదు. వారసుల్లో మైనరు ఉంటే, ఆ వాటా అమ్మడానికి సంరక్షకులు కోర్టు అనుమతి తీసుకోవాలి.

సమస్య: యజమాని అమెరికాలో ఉన్నారు, ఇక్కడ ఒకరు పవర్ ఆఫ్ అటార్నీతో అమ్ముతున్నారు

మన జిల్లాల్లో ఇది రోజూ ఎదురయ్యేదే. పవర్ ఆఫ్ అటార్నీ యజమాని తరఫున పని చేసే అధికారాన్ని ఇస్తుందే తప్ప హక్కును బదిలీ చేయదు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద జరిగే అమ్మకాలతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసింది. మామూలు పవర్ అయితే అది ఇచ్చిన మనిషి మరణించగానే చెల్లకుండా పోతుంది.

అక్కడి భారత కాన్సులేటులో గానీ నోటరీ ఎదుట గానీ రాయించిన పవర్ మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా దానికి ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. అందులో అమ్మే అధికారం ఉందా, డబ్బు తీసుకునే అధికారం కూడా ఉందా అన్నది వకీలు చేత చదివించుకోవాలి. రిజిస్ట్రేషను రోజున యజమానితో వీడియో కాల్‌లో మాట్లాడటం మంచిది. ఇక అమ్మేవారికి ఇచ్చే సొమ్ములోంచి కొనేవారు ఆదాయపు పన్ను పట్టుకునే (టీడీఎస్) లెక్క వకీలు పని కాదు, ఆడిటరు పని. ఇక్కడే ఉండే అమ్మకందారు విషయంలో 50 లక్షలు, ఆపై ధర మీద 1 శాతం పట్టుకుంటే సరిపోతుంది గానీ ఎన్నారై విషయంలో ఆ లెక్క వర్తించదు.

సమస్య: బ్యాంకు లోను మంజూరు చేసింది కదా, ఇంకా వకీలెందుకు?

బ్యాంకు ప్యానెల్ న్యాయవాది చూసేది బ్యాంకు అప్పుకు భద్రత ఉందా లేదా అన్నదే; మీ అగ్రిమెంటులో ఏ షరతులున్నాయో ఆయనకు పట్టదు. లీగల్ ఒపీనియన్ నకలు అడగండి. అందులో "ఫలానా పత్రం దాఖలు చేయాలి" వంటి మెలికలు లేకపోతే హక్కు పరిశీలన కోసం వేరే వకీలుకు ఖర్చు పెట్టనక్కరలేదు.

సమస్య: దస్తావేజులో 200 గజాలు, కొలిస్తే 188

దీనికి ముందు కావలసింది సర్వేయరు. తేడా కేవలం రాతలో దొర్లిన తప్పయితే, పాత అమ్మకందారు చేత సవరణ దస్తావేజు రాయిస్తే సరిపోతుంది. పక్కవారి ప్రహరీ లోపలికి జరిగి ఉంటే మాత్రం వకీలును కలవాలి.

సమస్య: మీరు అమ్ముతున్నారు, కొనేవారు అడ్వాన్సు ఇచ్చి నెలల తరబడి పలకడం లేదు

వకీలు కొనేవారికే అవసరమనుకోవడం పొరపాటు. అగ్రిమెంటులో గడువు తేదీ రాయకపోవడమే సాధారణంగా ఇక్కడ కారణం. తేదీ ఉంటే, అమ్మకం జరిపించమని దావా వేయడానికి ఆ తేదీ నుంచి మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది. తేదీ లేకపోతే, మీరు నిరాకరించిన సంగతి అవతలివారికి తెలిసిన రోజు నుంచి ఆ లెక్క మొదలవుతుంది. అంటే ఇల్లు అమ్ముకోలేక, ఉంచుకోలేక వేలాడుతుంది. గడువు తేదీ, అది దాటితే అడ్వాన్సు సంగతి ఏమిటి, రద్దు ఎలా అన్న మూడింటినీ అగ్రిమెంటులో ముందే వకీలు చేత రాయించాలి. గడువు దాటాక మాత్రం వకీలు నోటీసు పంపకుండా మరొకరి దగ్గర బయానా తీసుకోకూడదు. అడ్వాన్సు 20,000 రూపాయలు, ఆపైన నగదుగా పుచ్చుకోవడం కూడా ఆదాయపు పన్ను చట్టం ఒప్పని పని.

సమస్య: సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో కనిపించింది

రిజిస్ట్రేషను చట్టం 22-ఎ సెక్షను కింద రిజిస్టరు చేయకూడని ఆస్తుల జాబితా ఇది. అసైన్డ్ (ప్రభుత్వం పేదలకు కేటాయించిన), దేవదాయ, వక్ఫ్ భూములు ఇందులో ఉంటాయి. ఒక్కోసారి సర్వే నంబరులో కొంత భాగమే నిషేధితమైనా నంబరంతా జాబితాకెక్కుతుంది. జాబితా నుంచి తీయించే పని అమ్మేవారిది. అది పూర్తయ్యేదాకా రూపాయి కూడా ఇవ్వవద్దు.

వీటిలో ఏదీ లేకుండా, బతికి ఉన్న యజమాని తానే కొన్న ఫ్లాటును తానే అమ్ముతూ, లింకు డాక్యుమెంట్ల (ఆస్తి పాత యజమానుల నుంచి చేతులు మారిన దస్తావేజుల) అసళ్లు చూపించి, అప్పేమీ లేదని ఈసీతో రుజువు చేస్తే దస్తావేజు లేఖరి చాలు. వకీలును పెట్టుకుంటే మాత్రం మధ్యవర్తి చూపించిన మనిషిని కాక, మీరు వెతుక్కున్న మనిషిని పెట్టుకోండి. ఏయే పత్రాలు చూశారో పేర్కొంటూ, సంతకంతో లిఖితపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి.